వాకిట్లో పడవ

"వీపు చూడు గజాలమ్మా. నేను చెప్పుడెందుకు, నువ్వే చూడు."

కమలాబాయి మనవరాలిని ముందుకు లాగి చొక్కా వెనక గుండీలు విప్పింది. పిల్ల మెడ కింది నుంచి నడుం దాకా ఎర్రటి దద్దుర్లు. గోళ్ళతో గీరుకున్న చోటల్లా చర్మం లేచి, రక్తం చుక్కలు చుక్కలుగా ఎండిపోయింది.

గజాలా కుట్టుమిషన్ ముందు నుంచి లేచి వచ్చింది. పిల్ల వీపు మీద చెయ్యి వెయ్యబోయి ఆగిపోయింది. తన చేతులకు మాత్రం ఏమంటి ఉందో ఎవరికి తెలుసు.

"ఎప్పటి సంది?" అని అడిగింది.

"నిన్న కొత్త బట్టలని మురిసిపోయి బడికి ఏసుకపోయింది. పగటీలి టీచరమ్మ ఫోన్ చేసింది, పిల్ల ఏడుపు ఆపుతలేదని. దవాఖానకు తీస్కపోయిన. గాజుపొడి గిట్ల అంటిందా అని అడిగిండు డాక్టరు. మా తండల గాజుపొడి యాడిదమ్మా?"

అడుగుతూనే కమలాబాయి వాకిలి వైపు చూసింది. ఆ ఇంటి గుమ్మంలో నిలబడినవాళ్ళు ఎటు చూడబోయినా ముందు కంటికి తగిలేది అదే. రెండు పాత లారీ టైర్ల మీద, లోపలి చెక్కంతా పీకేసిన ఫైబర్ పడవ. దాని అంచుల మీద, జామ ఆకుల మీద, బట్టలారేసే తీగ మీద సన్నటి తెల్లటి పొడి.

గజాలాకు తెలుసు. భర్త అకీల్ గ్రైండర్ పట్టుకుని పాత ఫైబర్ గీకిన రోజల్లా ఆ పొడి ఇంట్లోకి వస్తూనే ఉంది. తలుపులు మూసింది. తడిబట్టతో తుడిచింది. కుట్టిన యూనిఫారాల మీద తన పాత చీరలు కప్పింది. ఏదీ ఆగలేదన్నమాట.

"ఇంకో జత కుట్టిస్త అవ్వా. కొత్త బట్ట నేనే తెస్త."

"వద్దు బిడ్డా." కమలాబాయి గొంతులో కోపం లేదు. కోపం ఉన్నా బాగుండేది. "మీ మరిది పోయిన కాడికెళ్ళి మిమ్ముల నేను ఒక్క మాట అన్లే. కానీ పిల్లలు గదా. మా తండోళ్ళ బట్టలన్ని ఇచ్చెయ్యి. కుట్టినయి, కుట్టనియి, అన్ని. బస్టాండు కాడ ఇంకో టైలరు ఉన్నడు."

గోడవార కూర్చుని గుండీలు కుడుతున్న తోడికోడలు మెహనాజ్ లేచింది. తండా బట్టలన్నీ ఒక్కొక్కటే ఏరి, మూట కట్టి, కమలాబాయి చేతికిచ్చింది. మళ్ళీ వెళ్ళి అదే చోట కూర్చుంది. వాకిలి వైపు వీపు పెట్టి కూర్చుంది. పడవ ఆ ఇంటికి వచ్చినప్పటి నుంచి ఆమె కూర్చునే తీరు అదే. బయటికి పోవాలన్నా పెరటి తలుపులోంచే పోతుంది.

బడులు తెరిచిన మొదటి వారం. మానుకోటలో ఏ టైలరుకైనా ఏడాదికి ఒక్కసారి వచ్చే పంట. కమలాబాయి మూట నెత్తిన పెట్టుకుని మనవరాలి చెయ్యి పట్టుకుని పడవను చుట్టి వెళ్ళిపోయింది.

గజాలా కాసేపు ఖాళీ అయిన బల్లను చూసింది. తర్వాత చెప్పులు కూడా వేసుకోకుండా వాకిట్లోకి నడిచింది.

అకీల్ పడవ లోపల మోకాళ్ళ మీద కూర్చుని ఉన్నాడు. ముక్కుకు చేతిరుమాలు, జుట్టు నిండా పొడి. కొత్తగా కోసిన ప్లైవుడ్ పలకను పడవ వెనక గోడకు ఆనించి చూస్తున్నాడు. మోటారు తగిలించే పలక అది.

"కమలమ్మ బట్టలు ఎనుకకు తీస్కపోయింది."

అతను తల ఎత్తలేదు.

"తండ మొత్తం బట్టలు. ఇనవడ్డదా జీ?"

"ఇనవడ్డది."

"గంతేనా?"

అకీల్ టేపు తీసి పలకను మళ్ళీ కొలిచాడు. ఇన్నేళ్ళుగా మనుషుల భుజాలూ నడుములూ కొలిచిన టేపు. పక్కన అతని పెద్ద కత్తెర పడి ఉంది. పడవకు అతికించే గాజుదారాల బట్టను కోసీ కోసీ దాని పదును చచ్చిపోయింది. ఇప్పుడది పాప్లిన్‌ను కూడా కొయ్యదు, నములుతుంది. బట్టంటే నాకు తెలుసు, ఇది కూడా బట్టే కదా, పరిచి జిగురు పూస్తే అంటుకుంటుంది అని మొదట్లో చెప్పేవాడు. మొదటిసారి పూసిన జిగురు ఎన్ని ఎండలు కాసినా గట్టిపడలేదు. గట్టిపరిచే మందు తక్కువ కలిపాడట. బెల్లం పాకంలా అలాగే ఉంటే, చీమలూ ఆకులూ అంటుకున్నదాన్నంతా మళ్ళీ గీకి పారేశాడు. ఆ గీకిన పొడే ఇప్పుడు కమలాబాయి మనవరాలి వీపు మీద ఉంది.

గజాలా పడవ అంచు పట్టుకుని లోపలికి వంగింది. పలక ఎడమ పక్కన గోడకు అతుక్కుని ఉంది. కుడి పక్కన చెయ్యి దూరేంత సందు.

"గా సందేంది? చిన్నగ కోసిన్రా?"

"పలక సక్కగనే ఉన్నది."

"మరి?"

"పడవే వంకరపోయింది."

అతను ఆ మాట ఎంత మామూలుగా అన్నాడంటే, గజాలాకు వెంటనే అర్థం కాలేదు.

"లోపలి దుంగలన్ని ఒక్కసారే పీకేసిన," అన్నాడు అకీల్. రుమాలు కిందికి లాగి, గొంతు తగ్గించి చెప్పాడు. "గట్ల తియ్యొద్దంట. ఒకటి తీసి, దాని జాగల కొత్తది ఏసి, అప్పుడు ఇంకోటి తియ్యాలంట. కింద చుట్టూత ఆనుపు పెట్టాలంట. నేను రెండు టైర్ల మీద పెట్టి అన్ని పీకేసిన. నడుముల ఆసరా లేదు. ఎండకు మెత్తవడి వంగింది."

లోపలి అస్తరు ఊడదీసేముందు ఆసరాగా పచ్చికుట్టు వెయ్యకపోతే కోటు ఏమవుతుందో అకీల్‌కు తెలియనిది కాదు. కొత్తగా పనికి వచ్చినవాళ్ళకు అతనే చెప్పేవాడు. గజాలా ఆ మాట నోటిదాకా తెచ్చుకుని మింగేసింది.

"పడవ నడిపిన మొండయ్యన్నను అడిగిన్రా?"

"అడిగిన. నడిపిన గని నేనెప్పుడు చేసిన్నే తమ్మీ, నాకేమెరుక అన్నడు."

"మల్ల సక్కగ కాదా?"

"సందుల ముక్కలు పెట్టి జిగురు పొయ్యొచ్చు. పలక నిలవడ్తది. కానీ నీళ్ళల్ల దింపితే ఒక్క దిక్కే ఒరుగుతది. వాగుల అది మునిగినట్టే."

"ఎప్పుడు తెల్సింది మీకిది?"

అకీల్ టేపును వేలికి చుట్టాడు, విప్పాడు.

"ఎప్పుడు తెల్సింది?"

"రంజాన్ ముందే."

గజాలా పడవ అంచు వదిలేసింది. రంజాన్ ముందు నుంచి ఈ మనిషి మునిగిపోయే పడవను గీకుతున్నాడు. తెలిసి గీకుతున్నాడు. పోగొట్టుకున్న బేరాలన్నీ, ఇంటిల్లిపాదీ దగ్గిన దగ్గంతా, తెలిసి.

"మరి ఎందుకు జీ?"

"ఆపితే అమ్మీకి ఏం చెప్పాలె?"

అరుగు మీద మంచంలో తస్బీ పూసలు తిప్పుకుంటున్న లతీఫా బేగం అప్పుడే గొంతెత్తింది. కళ్ళల్లో పొరలు కమ్మి ఆమెకు మనిషి నీడ మాత్రమే కనబడుతుంది. చెవులు మాత్రం చురుకు.

"గ్రైండర్ సప్పుడు ఆగిందేంది? అకీల్, పని ఆపకు బేటా. మబ్బులు వడ్తున్నయంట."

"ఆపలేదు అమ్మీ," అన్నాడు అకీల్.

"అమ్మీ, తండోళ్ళ బట్టలన్ని పోయినయి," అంది గజాలా. "గాజుపొడికి పసిపిల్ల వీపంత పుండ్లయినయి."

"కుట్టువని యాడికి పోతది? రేపు మల్ల వస్తది."

"ఆ పిల్ల వీపు నువ్వు చూస్తే గట్లనవు అమ్మీ."

"నా పిల్లగాడు తెల్లారంగ చెట్టెక్కి పొద్దుగూకేదాక గా నీళ్ళ మీద కూసున్నడు. అది నువ్వు చూసినవా?"

లోపల మెహనాజ్ మిషన్ చప్పుడు ఒక్క క్షణం మొదలై, దారం తెగినట్టు ఆగిపోయింది.

పోయిన వానాకాలం ఆకేరు వాగు పొంగిన తెల్లవారుజామున, అకీల్ తమ్ముడు పర్వేజ్ పాల క్యాన్లతో వంతెన దాటబోయి కొట్టుకుపోయి, వాగు నడుమ ఒక తుమ్మచెట్టును పట్టుకున్నాడు. ఒడ్డున ఊరంతా నిలబడింది. భూపాలపల్లి జిల్లాలో గోదావరి ఒడ్డున పడవ నడుపుకునే మొండయ్యకు ఎవరో ఫోన్ చేస్తే, పాపం ఆ మనిషి డీసీఎం బండిలో పడవ వేసుకుని అంత వానలో వచ్చాడు. అకీల్ కూడా ఎక్కాడు. మోటారు స్టార్ట్ చేసి నడిమి ధారలోకి పోయేసరికి వెనక పలక విరిగి, మోటారుతో సహా నీళ్ళలో పడింది. పైకి ఫైబర్ గట్టిగానే ఉంది. లోపలి చెక్క నాని నాని టీపొడిలా అయిపోయిందని మొండయ్యకే తెలియదు. తాడు పట్టి వాళ్ళిద్దరినీ ఒడ్డుకు లాగారు. అప్పటికి తుమ్మచెట్టు మీద పర్వేజ్ లేడు.

శవం దొరకలేదు. ఈ పడవ ఇంక నాకొద్దని మొండయ్య వదిలేసి పోతే, అకీల్ దాన్ని ఇంటికి తెచ్చాడు. బాగుచేసి ఆకేరు వెంబడి అది కలిసే మున్నేరు దాకా పోయి వెతుకుతానన్నాడు. ఏడాది తర్వాత వెతికితే ఏం దొరుకుతుందని ఆ ఇంట్లో ఎవరూ అడగలేదు.

అడగడానికి ఒక మనిషి ఆ మధ్యాహ్నమే వచ్చాడు.

ఆటో దిగినవాడు మెహనాజ్ తండ్రి షంషుద్దీన్. పాలకుర్తిలో సైకిళ్ళ దుకాణం ఆయనది. చేతిలో మామిడిపండ్ల సంచి. సలాం చెప్పి అరుగు మీద కూర్చున్నాడు. గజాలా నీళ్ళిచ్చింది. ఆయన తాగి గ్లాసు పక్కన పెట్టాడు.

"ఆపా, నేను లొల్లికి రాలె," అన్నాడు లతీఫా బేగంతో. "కొడకండ్లకెళ్ళి ఒక సంబంధం వచ్చింది. భార్య పోయినాయన. ఒక ఆడపిల్ల ఉన్నది. మనిషి నెమ్మది. మెహనాజ్ సంగతంత తెలిసే అడుగుతున్నడు. కానీ ఎన్నొద్దులు ఆగుతడు?"

"నా కోడలికి నా కొడుకున్నడు," అంది లతీఫా బేగం.

"ఉంటే నాకంటె సంబురం ఎవరికి ఆపా? ఖాజీసాబ్ ఏమన్నడు? శవం దొరకలె, పోవుడు చూసినోళ్ళు ఎవరన్న ఉంటే గవాహి ఇయ్యిన్రి, లేకపోతే ఆగున్రి అన్నడు. ఒడ్డు మీదోళ్ళంత పడవ దిక్కు చూస్తున్నమన్నరు. చెట్టు దగ్గరిదాక పోయింది మొండయ్య, అకీల్. మొండయ్య చూడలె అన్నడు. ఇగ మిగిలింది ఒక్కడే."

అకీల్ పడవ దిగలేదు. లోపలే నిలబడ్డాడు.

"నేను చెప్పిన గద చాచా. పడవ కానియ్యిన్రి, ఒక్కసారి దిగి చూసొస్త, అప్పుడు మీరు ఏం చెప్పమంటే అది చెప్త అన్న."

"అన్నవు. గందుకే అడుగుతున్న. పడవ యాడిదాక వచ్చింది?"

షంషుద్దీన్ లేచి వాకిట్లోకి వెళ్ళాడు. పడవ ముందు కొనన నిలబడి ఒక కన్ను మూసి వెనక్కి చూశాడు. రోజూ సైకిల్ చక్రాల వంకర చూసే మనిషి. అటుపోయి ఇటుపోయి చూశాడు. వెనక పలకను వేలితో నెట్టాడు. అది కుడివైపు కదిలి సందులోకి వాలింది.

"బేటా, గిది తేలుతదా?"

గజాలా భర్త వైపు చూసింది. ఇంకో నెల అంటాడు. వానలు తగ్గాక అంటాడు. ఆమె అకీల్‌తో కాపురం చేస్తున్న ఇన్నేళ్ళలో అతను బట్ట ఇవ్వాల్సిన రోజు ఇవ్వలేకపోతే చెప్పే మాటలన్నీ ఆమెకు తెలుసు. వాటిలో ఏదో ఒకటి అంటాడు.

అకీల్ టేపు చుట్టి జేబులో పెట్టుకున్నాడు.

"నా బిడ్డ మొకం చూడు అకీల్ మియా. తినదు, మాట్లాడదు. దాన్ని బేవా అనాల్నా, మొగడున్న సుహాగన్ అనాల్నా, నాకే తెలుస్తలేదు. ఎవరన్న అడిగితే తల దించుకుంటున్న."

"అబ్బాజాన్." మెహనాజ్ గొంతు తెర వెనక నుంచి వచ్చింది. "నాకు పెండ్లి సంగతి వద్దు. కొడకండ్లా వద్దు, పాలకుర్తీ వద్దు. నేనేందో చెప్పమను. అంతే. గది తెలుస్తె నేను జర ఏడుస్త. ఇన్ని దినాల సంది ఏడ్సుడు గూడ తప్పే అన్నట్టు చూస్తున్రు."

లతీఫా బేగం చేతిలో తస్బీ ఆగింది. కోడలు ఏడవలేదని ఆమె ఇన్నాళ్ళూ మెచ్చుకునేది. దానికి భర్త మీద భరోసా ఉందని అందరితో చెప్పేది.

గజాలాకు పర్వేజ్ పోయిన రోజు సాయంత్రం గుర్తుకొచ్చింది. గుర్తు రాకుండా ఒక్క రోజు గడిస్తే కదా. అకీల్ బురదతో వంటింట్లోకి వచ్చి గోడకు ఆనుకుని కూలబడ్డాడు. మోటారు పోతుంటే నేను దాని మీద పడ్డ, గజాలా, అన్నాడు. దాన్ని పట్టుకుందామని అటే తిరిగిన. మల్ల తిరిగి చూస్తె చెట్టు మీద లేడు. నేను చూడలె గజాలా, నా తమ్ముడు పోవుడు నేను చూడలె. ఆ మాట అతను ఆమెకు తప్ప ఎవరికీ చెప్పలేదు. ఆమె ఎవరికీ చెప్పలేదు. పడవ ఎందుకు వచ్చిందో, ఎందుకు తెగని పనిలా సాగుతోందో, ఆ ఒక్క మాట తెలిస్తే చాలు అర్థమవుతుంది. చూడలేదు కాబట్టి పోలేదేమో అన్న ఒక పోగు అతను పట్టుకుని ఉన్నాడు.

అకీల్ పడవ అంచు దాటి కిందికి దిగాడు. చేతులు దులుపుకున్నాడు. తెల్లటి పొడి రాలింది.

"తేలదు చాచా," అన్నాడు.

"ఏంది?"

"గీ పడవ తేలదు. ఇంక కాదు. చెడగొట్టిన."

"అకీల్?" లతీఫా బేగం మంచం పట్టె పట్టుకుంది.

"అమ్మీ, నువ్వు ఇను." అతను తల్లి వైపు తిరగకుండానే అన్నాడు. "నేను చూసిన. పర్వేజ్ పోవుడు నేను చూసిన."

షంషుద్దీన్ పడవ మీది చెయ్యి తీసేశాడు.

"కొమ్మ ఇరిగింది," అన్నాడు అకీల్. ఒక్కో మాట కొలిచి గుర్తు పెట్టుకుని కోస్తున్నట్టు చెప్పాడు. "నీళ్ళల్ల వడ్డడు. తలకాయ ఒకపాలి మీదికొచ్చింది. ఇంకోపాలి వచ్చింది. మల్ల రాలె. నేను చూసిన. ఇన్నొద్దులు చెప్పలేకపోయిన."

తెర కదిలింది. మెహనాజ్ గుమ్మం దాటి, అరుగు దాటి, పడవ ఉన్న వాకిట్లోకి వచ్చింది. కాళ్ళ కింద పొడి మెరుస్తోంది. బావగారి ఎదుట ఎప్పుడూ తల వంచుకుని ఉండే మనిషి, సూటిగా చూసింది.

"మీ దిక్కు చూసిండా భాయ్?"

అకీల్ దానికి సిద్ధంగా లేడు.

"చూసిండు."

"ఏమన్న అన్నడా?"

"నీళ్ళ సప్పుడు. ఇనవడలె."

మెహనాజ్ తల ఊపింది. అక్కడే, పడవ పక్కనే, నేల మీద కూర్చుంది. మెడలోని నల్లపూసల లచ్ఛా కొక్కేన్ని వెతుక్కుంటూ రెండు చేతులూ మెడ వెనక్కి పోయాయి. కొక్కెం అందలేదు. గజాలాకు వెళ్ళి సాయం చెయ్యాలనిపించింది. వెళ్ళలేదు.

షంషుద్దీన్ తువ్వాలుతో ముఖం తుడుచుకున్నాడు. ఆయన కోరి వచ్చిన మాట దొరికింది. దొరికాక ఆయన ముఖం ఇంకా వాడిపోయింది.

"శుక్రవారం నమాజ్ అయినంక ఖాజీసాబ్ ముంగట, పెద్దల ముంగట చెప్పాలె బేటా. ఖురాన్ మీద చెయ్యి పెట్టి చెప్పాలె. చెప్తవా?"

అకీల్ తన అరచేతులు చూసుకున్నాడు. అయిదు పూటల నమాజ్ తప్పని మనిషి. కుట్టుకూలి విషయంలో కూడా ఎవరితోనూ ఒక్క అబద్ధం ఆడని మనిషి.

"చెప్త," అన్నాడు.

అప్పుడు లతీఫా బేగం మంచం దిగింది. చేతికర్ర తీసుకోలేదు. గోడ పట్టుకుని, స్తంభం పట్టుకుని, అరుగు అంచు దాకా వచ్చింది. కొడుకు వైపు వెళ్తుందనుకున్నారు. ఆమె గజాలా నిలబడిన చోట ఆగి, తడుముకుని, కోడలి మణికట్టు పట్టుకుంది. ముసలి వేళ్ళే, పట్టు మాత్రం ఇనుము.

"బేటీ, ఆనాడు వాడు తడిసి వచ్చి సీదా నీ కాడికే పోయిండు. వంటింట్ల మీ ఇద్దరి మాటలు నాకు ఇనవడ్డయి గని, ఏం మాటలో సమజ్ కాలె. నేను అడగలె గూడ. ఇప్పుడు అడుగుతున్న. వాడు నీతోని ఏం చెప్పిండు?"

గజాలా చెయ్యి వెనక్కి తీసుకోబోయింది.

"నువ్వు ఈ ఇంటికి వచ్చిన కాడికెళ్ళి నాతోని అబద్ధమాడలె. గిప్పుడు గూడ ఆడవు. చూసిన అన్నడా, చూడలె అన్నడా?"

అకీల్ భార్య వైపు చూశాడు. ఆ చూపులో బతిమాలడం లేదు, బెదిరింపు లేదు. అలిసిపోయిన మనిషి ఎక్కడైనా కూర్చోవడానికి చోటు వెతుక్కున్నట్టుంది.

నేల మీద కూర్చున్న మెహనాజ్ వేళ్ళు కొక్కెం మీద ఆగిపోయాయి. సగం ఊడిన లచ్ఛా ఆమె భుజం మీదికి జారింది. ఆమె తల తిప్పి పైకి చూసింది.

"చెప్పు భాబీ," అంది మెహనాజ్.